సున్నాకూ ఖాళీకీ నడుమ

(ఆలయ సమితి వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలలో కూర్చున్న చిరంజీవులారా, ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీ కోసమే సిద్ధం చేసుకున్నాను. మీలో చాలామంది ఈ ద్వీపంలోనే పుట్టి పెరిగారు. మీ తల్లిదండ్రులకు గోదావరి, కృష్ణ, తుంగభద్ర ఎటువంటివో మీకు ఈ సముద్రం అటువంటిది.

వైద్యురాలిని కనుక మధుమేహం గురించో రక్తపోటు గురించో మాట్లాడతానని కార్యవర్గం వారు ఆశించి ఉంటారు. ఈరోజు నేను చెప్పదలచినది సముద్రానికి నాడి పట్టి చూసేవారి గురించి. వారిని మత్స్య పరిశోధన టెక్నీషియన్లు అంటారు. పరిశోధన పత్రం మీద శాస్త్రవేత్త పేరు ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వు మీద అధికారి సంతకం ఉంటుంది. ఆ రెంటికీ ఆధారమైన అంకెను తెల్లవారుజామున రేవులో నిలబడి రాసుకున్న మనిషి పేరు సాధారణంగా ఎవరికీ తెలియదు.

దేవాలయంలో చేపల ప్రస్తావన ఎందుకని ఎవరికైనా సందేహం కలిగితే, దశావతారాలలో మొదటిదాన్ని ఒక్కసారి తలచుకోండి. సత్యవ్రతుని దోసిలిలోకి వచ్చిన చిన్న చేప కమండలంలో పట్టలేదు, పెద్ద పాత్రలో పట్టలేదు, సరస్సులోనూ పట్టలేదు. చివరకు దానిని సముద్రానికి చేర్చవలసి వచ్చింది. చేప ఎంత పెరిగిందో ప్రతిసారీ గమనించి, దానికి తగిన చోటు చూపడమే ఆ కథలో రాజు చేసిన పని. నేను చెప్పబోయే ఉద్యోగం కూడా దాదాపు అటువంటిదే.

ముందు మన చుట్టూ ఉన్న నీటిని పరిచయం చేసుకుందాం. బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు అని అర్థం. పైన ఉప్పునీరు, అడుగున ఉబికే మంచినీటి ఊటలు, ఈ రెండింటి వల్ల ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. పూర్వం ముత్యాల కోసం మునిగేవారు తోలుతిత్తులతో సముద్రగర్భం నుంచి తాగునీరు పట్టుకొచ్చేవారు. 1932లో ఇక్కడ చమురు బయటపడేవరకు ఈ దేశపు ఐశ్వర్యం ముత్యపుచిప్పలదే. ముహర్రఖ్‌లోని 17 కట్టడాలతో పాటు సముద్రంలోని మూడు ముత్యపుచిప్పల తావులను కూడా 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటి అడుగున ఉన్న చిప్పల తావులకు కోటలతో సమానమైన గౌరవం దక్కిందన్నమాట.

ఈ గల్ఫ్ సగటు లోతు సుమారు 35 మీటర్లే. మహాసముద్రాలలో వేయి పాళ్ళ నీటికి సుమారు 35 పాళ్ళ ఉప్పు ఉంటే ఇక్కడ 40 దాటుతుంది. హవార్ దీవుల దక్షిణాన 50కి పైబడుతుంది. వేసవిలో పైనీటి వేడి 35 డిగ్రీలకు మించుతుంది. మరొక చోట బతకడం కష్టమనుకునే పరిస్థితులలో ఇక్కడి చేపలు, పగడాలు, సముద్రపు గడ్డి నిత్యం జీవిస్తున్నాయి. 1986లో పరిశోధకులు బహ్రెయిన్‌కూ ఖతార్‌కూ నడుమ నీటిపై విమానంలో తిరుగుతూ, ఒకే గుంపులో 674 సముద్రపు ఆవులను లెక్కించారు. ఇన్ని జీవులు మన ఇంటి పక్కనే మేస్తున్నాయని అంతకు ముందు లోకానికి తెలియదు. ఎవరో ఓపికగా లెక్కించారు కనుక తెలిసింది.

ఇక రోజువారీ పని ఏమిటో చెబుతాను. పడవ రేవుకు చేరగానే టెక్నీషియన్ అక్కడ ఉండాలి. గంపలలో ఏ జాతి చేపలు ఎన్ని ఉన్నాయో చూడాలి. కొలత పలక మీద చేపను పడుకోబెట్టి ముట్టె కొస నుంచి తోక చీలిక వరకు కొలవాలి. ఒకరోజు తోక చీలిక వరకు, మరొకరోజు తోక చివరి వరకు కొలిస్తే ఆ రెండు రోజుల లెక్కలూ కలవవు. పడవ ఎన్ని గంటలు నీటిమీద ఉంది, ఎన్ని గర్గూర్లు వేసింది అని నావికుణ్ణి అడిగి రాసుకోవాలి. గర్గూర్ అంటే మీరు రేవులలో చూసే గుమ్మటం ఆకారపు తీగబోను. మన కొల్లేటి మావులకు ఇది చుట్టమే. ఎంత పట్టారన్నది ఒక్కటే తెలిస్తే చాలదు. పది బోనులతో పట్టిన బరువునే నేడు నలభై బోనులతో పడుతుంటే, గంప నిండుగానే ఉన్నా సముద్రం తరిగిపోతున్నట్లే.

ఈ విద్యలో మన దేశానికి మంచి సంప్రదాయం ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో స్థాపితమైంది. దానికి విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. రేవులలో పడే చేపల రాశిని అంచనా వేయడానికి ఆ సంస్థ ఒక పద్ధతిని రూపొందించుకుంది. నెలను పదేసి రోజుల మూడు భాగాలు చేస్తారు. ఏ రేవుకు ఏ తేదీన వెళ్ళాలన్నది యాదృచ్ఛికంగా, అంటే చీటీ తీసినట్లుగా నిర్ణయిస్తారు. ఒకరోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు, మరునాడు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు గమనిస్తారు. నడిమి రాత్రి వివరాలు విచారించి తెలుసుకుంటారు. పడవలు 15కు మించితే వాటిలో కొన్నిటినే ఒక క్రమం ప్రకారం ఎంచుకుంటారు. చీటీలో వచ్చిన రోజు వాన పడవచ్చు, పండుగ రావచ్చు. అయినా ఆ రోజే వెళ్ళాలి.

ఇంత పట్టుదల దేనికని మీరడగవచ్చు. దానికి కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ సమాధానం చెబుతుంది. అక్కడ శతాబ్దాలుగా కాడ్ అనే చేపే జీవనాధారం. 1980లలో పెద్ద వాణిజ్య నౌకల పట్టుబడి బాగానే ఉంది కనుక చేపలు సమృద్ధిగా ఉన్నాయని అంచనా కట్టారు. ఆ నౌకలు చేపలు మిగిలిన చోటును యంత్రాలతో వెతుక్కుంటూ వెళ్ళాయి. ఉన్న చోటే చూస్తే ఉన్నట్లే కనిపిస్తుంది. యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల వల వేసిన పరిశోధన నౌకలు అంతకంటే తక్కువ అంకెలు చూపాయి. ఆ అంకెలకు తగిన విలువ దక్కలేదు. 1992 జూలై 2న కాడ్ వేటను నిలిపివేశారు. సుమారు 30,000 మంది ఉపాధి కోల్పోయారు.

నేను ఈరోజు మీ మనసులో ఉంచదలచిన విషయం ఇక్కడే ఉంది. పరిశోధన పడవ నిర్ణీత స్థలానికి వెళ్ళి వల వేసింది. ఒక్క చేపా పడలేదు. అప్పుడు పట్టికలో సున్నా వేయాలి. మరొకనాడు గాలి ఎక్కువై పడవ కదలలేదు. అప్పుడు ఆ గడి ఖాళీగా ఉంచి, కారణం పక్కన రాయాలి. చూసేవారికి రెండు గళ్ళలోనూ చేప లేదు. మొదటిది “చూశాను, లేదు” అంటుంది. రెండవది “చూడలేదు” అంటుంది. ఖాళీని సున్నా చేస్తే ఉన్న చేపలు లేనట్లు లెక్క తేలుతుంది. సున్నాను ఖాళీ చేస్తే లేని చేపలు ఉన్నట్లు తేలుతుంది. ఆ గడి వద్ద ఆ క్షణంలో టెక్నీషియన్ తప్ప వేరొకరు ఉండరు. ఆమె ఏది రాస్తే అదే సముద్రపు వాంగ్మూలం అవుతుంది.

మా వైద్యంలోనూ ఇదే నియమం. రోగి కాగితం మీద “కణితి లేదు” అని ఉండటానికీ, “పరీక్ష చేయలేదు” అని ఉండటానికీ నడుమ ఒక ప్రాణం ఉంటుంది. నేను మూడు దశాబ్దాలుగా రోగ నిర్ణయాలు చేస్తున్నాను. వాటిలో అధికభాగం నేను ఎన్నడూ ముఖం చూడని లేబొరేటరీ టెక్నీషియన్ల నిజాయితీ మీద ఆధారపడినవే. నాడి పట్టిన పేరు నాది, నిజం చెప్పిన చేయి వారిది.

ప్రయోగశాలలో జరిగే పనిని కూడా కొంచెం చూద్దాం. మీరు ఇక్కడి హోటళ్ళలో తరచు వినే హమూర్ చేప ఆడదిగా జీవితం ప్రారంభిస్తుంది. పెద్దదయ్యాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి. పెద్ద చేపలను మాత్రమే ఎంచి పట్టుకుంటూ పోతే మగచేపలు కరవవుతాయి. బీజకోశాన్ని కోసి, పలుచని పొరగా తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప ఈ సంగతి తెలియదు. ఇక వయసు తెలుసుకోవడానికి చేప లోపలి చెవిలో చిన్న సున్నపురాయి ఉంటుంది. దానిని అడ్డంగా కోస్తే చెట్టు మానులో వలె వలయాలు కనిపిస్తాయి. అటువంటి రాళ్ళు మన చెవులలోనూ ఉన్నాయి, ఇసుక రేణువులంత. అవి చోటు తప్పినప్పుడే మంచం మీద పక్కకు తిరగగానే లోకం గిర్రున తిరుగుతుంది. ఆ బాధతో వచ్చిన పెద్దలకు నేను చెవిరాళ్ళ సంగతి చెబితే మొదట నవ్వుతారు.

నమూనా ఎప్పుడు తీశామన్నది కూడా ముఖ్యమే. భీమవరం పరిసరాల రొయ్యల చెరువులు మీ బంధువులలో కొందరికైనా ఉండి ఉంటాయి. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారడానికి కాస్త ముందు అత్యల్పంగా ఉంటుంది. రాత్రంతా నాచుతో సహా అన్ని జీవులూ దానిని వాడుకుంటాయి, వెలుగు లేక కొత్తది పుట్టదు. ఎండెక్కాక తీరికగా వెళ్ళి కొలిస్తే అంకె నిండుగా వస్తుంది, రొయ్యలు మాత్రం వేకువనే చనిపోతాయి. పరగడుపు రక్తపరీక్షకు ఫలహారం చేసి వచ్చే రోగులు నాకు గుర్తుకొస్తారు.

సీసా మీద అంటించిన చీటీ ఊడిపోవచ్చు కనుక సీసా లోపల కూడా ఒకటి వేస్తారు. సిరా కరిగిపోతుంది కనుక పెన్సిలుతో రాస్తారు. జన్యు పరీక్షకు పంపవలసిన కండను ఫార్మలిన్‌లో వేస్తే పాడవుతుంది కనుక ఆల్కహాలులో ఉంచుతారు. లోహాల పరీక్షకైతే చేపను కోసే కత్తి నుంచే లోహం అంటకుండా జాగ్రత్త పడతారు. వినడానికి ఇవన్నీ చిన్న విషయాలు. మడి కట్టుకుని వంట చేసిన మీ అమ్మమ్మగారికి చెప్పి చూడండి, వెంటనే అర్థమవుతుంది.

ఈ జాగ్రత్త మన కంచం వరకు వస్తుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో ఒక వింత నరాల వ్యాధి వెలుగులోకి వచ్చింది. కర్మాగారం నుంచి సముద్రంలో కలిసిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరిందని తరువాత తేలింది. చిన్న చేపను పెద్ద చేప, దానిని ఇంకా పెద్దది తింటూ పోయేకొద్దీ పాదరసం పోగుపడుతుంది. అందుకే గర్భిణులకు సొరచేప వంటి పెద్ద వేటచేపలను మానమని మేము చెబుతాము. ఇక్కడ కనద్ అనే చేపను మనవారు వంజరంగా గుర్తుపట్టి ఇష్టంగా కొంటారు. పెద్దదాన్ని ఎంత తరచుగా తినవచ్చన్నది ఆ చేప పొడవు, బరువు, పాదరసం కలిపి కొలిచిన అంకెలను బట్టి చెప్పవలసిన మాట.

అంకె ఒక్కటే భయపెట్టిన సందర్భమూ ఉంది. మొనాకోలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సముద్ర ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు చేపలను, చిప్పలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. దక్షిణ బహ్రెయిన్ ముత్యపుచిప్పలలో, ఎండబెట్టిన బరువు ప్రకారం గ్రాముకు 156 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ కనిపించింది. పాషాణం అనగానే గుండె గుభేలుమంటుంది. అది ప్రకృతిసిద్ధంగా చేరినదేనని వారు అభిప్రాయపడ్డారు. సముద్ర జీవులలోని ఆర్సెనిక్ అధికభాగం హాని చేయని రూపంలో ఉండి మూత్రంలో వెళ్ళిపోతుంది. అందుకే ఆర్సెనిక్ మూత్రపరీక్షకు ముందు కొన్ని రోజులు చేపలు, రొయ్యలు తినవద్దని చెబుతాము. సరిగా కొలిచినవారు ఉంటేనే భయపడవలసిన చోటు భయపడతాము, అక్కరలేని చోట ధైర్యంగా ఉంటాము.

కొంతకాలం క్రితం తెలిసిన దంపతులు మా ఇంటికి వచ్చారు. వారి అమ్మాయి సముద్ర జీవశాస్త్రం చదివి, నమూనాలు సేకరించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. “డాక్టరుగారూ, మీ మాటంటే దానికి గురి. ఇంత చదువూ చేపలు కొలవడానికా అని కాస్త నచ్చజెప్పండి” అని ఆ తల్లి అడిగింది. ఆమె బాధను నేను తేలిగ్గా తీసుకోలేదు. జీతం పెద్దది కాదు. ఉద్యోగం తరచు ఏడాది, రెండేళ్ళ ఒప్పందం మీద ఉంటుంది. పడవ ఊగితే కడుపులో తిప్పుతుంది. సాఫీ చేప ముళ్ళలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి ఉంచాలి. చేతి మీది చిన్న గాయంలో సముద్రపు సూక్ష్మక్రిములు చేరితే ప్రమాదం. ఈ దేశంలో 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధించారంటే ఎండ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ఆ అమ్మాయి ముందు ఉంచాను. అన్నిటికీ సిద్ధమైన సమాధానాలు ఆమె వద్ద లేవు. “ఆంటీ, ఈ సముద్రం గురించి నాకు తెలిసిందంతా ఎవరో కొలిచి చెప్పిందే కదా, మరి నా వంతు ఎప్పుడు?” అని మాత్రం అడిగింది. నచ్చజెప్పడానికి వెళ్ళిన నేను ఆమె తల్లిదండ్రులకు నచ్చజెప్పి వచ్చాను. ధనుర్వాతం టీకా, చేతితొడుగులు, ఉప్పు కలిపిన మజ్జిగ, సముద్ర ప్రయాణపు మాత్రలు, వీటి జాబితా మాత్రం రాసిచ్చాను. అమ్మాయి చేరింది. తల్లి ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. ఒప్పందం ముగిసే తేదీని ఆమె క్యాలెండరులో చూసుకుంటూనే ఉంది.

చిరంజీవులారా, ఈ పనికి మీ దగ్గర ఒక ప్రత్యేకమైన పెట్టుబడి ఉంది. మన రేవులలో పడవ యజమాని అరబ్బీ మాట్లాడతాడు. పనివారిలో తమిళులు, మలయాళీలు, బంగ్లాదేశీయులు ఉంటారు. బడిలో అరబ్బీ, స్నేహితులతో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే మీరు వారి మధ్య నిలబడి అడగగలరు. ఎన్ని బోనులు వేశావు అని ఒక అధికారి గద్దించి అడిగితే వచ్చే జవాబు వేరు, చెల్లెలి వంటి పిల్ల పలకరించి అడిగితే వచ్చే జవాబు వేరు. మొదటి జవాబు భయం చెప్పిన అంకె.

ఆ అంకెతో ఎవరి అన్నం ముడిపడి ఉందో కూడా తెలుసుకోండి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని పెట్టిన నియమమది. బహ్రెయిన్ 2018లో సముద్రపు అడుగును ఊడ్చుకొనిపోయే ట్రాల్ వలలను నిషేధించింది. ఇటువంటి ప్రతి ఉత్తర్వుతో కొన్ని వందల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలగాలన్న ప్రశ్న పుడుతుంది. లెక్క ఎక్కువగా చూపితే చేప అంతరిస్తుంది, తక్కువగా చూపితే జాలరి నిష్కారణంగా పస్తుంటాడు. చేపకూ జాలరికీ ఇద్దరికీ న్యాయం చేయగలిగేది సరైన కొలత ఒక్కటే.

మీరందరూ చేపలు కొలవాలని నేను కోరడం లేదు. మీలో వైద్యులు, ఇంజనీర్లు, గణకులు అవుతారు, సంతోషమే. ఎక్కడ ఉన్నా మీ ముందుకు ఒక పట్టిక వస్తుంది. అందులో ఒక గడి మిమ్మల్ని పరీక్షిస్తుంది. నింపేస్తే పని త్వరగా అయిపోతుంది, ఎవరూ అడగరు. ఆ గడి ముందు నిజంగా చూశానా లేదా అని ఒక్కసారి మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. పెద్దలకు నా మనవి: పిల్లలు అలవాటులేని దారి కోరినప్పుడు వద్దనేముందు, ఆ దారిలో రోజు ఎలా గడుస్తుందో వారినే అడిగి పూర్తిగా వినండి. విన్న తరువాత వద్దన్నా వారు గౌరవిస్తారు.

ఈ ద్వీపం మనకు ఉపాధి ఇచ్చింది, ఉప్పునీటిని మంచినీరుగా మార్చి దాహం తీర్చింది, మన దేవుని కోవెలకు చోటిచ్చింది. దాని సముద్రం ఎలా ఉందో తెలుసుకోవడం మన కృతజ్ఞతలో భాగమని నా నమ్మకం. భగవంతుడు మీకు ఆయురారోగ్యాలు, నిజం రాసే చేయి ప్రసాదించుగాక. సెలవు.